నల్లగొండ నుంచి అవనిగడ్డకు ఇల్లు మార్పు: ఏజెన్సీనా, డీసీఎమ్మా?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ. మా ఆయన బ్యాంకులో పని చేస్తారు. ఆగస్టులో కృష్ణా జిల్లా అవనిగడ్డకు బదిలీ అయింది. ఆయన ముందుగా వెళ్లి రూములో ఉంటున్నారు. నేను, మా అత్తమ్మ, ఎనిమిదో తరగతి చదివే పాప ఇక్కడే ఉన్నాం. ఇప్పుడు సామాను మొత్తం అక్కడికి తరలించాలి. హైదరాబాద్ ప్యాకర్స్ వాళ్లను అడిగితే 38 వేలు అన్నారు, సగం ముందే వేయమంటున్నారు. ఇక్కడి డీసీఎం (చిన్న లారీ) ఓనర్ ఒకాయన 17 వేలకు వస్తానన్నాడు. ఇంత తేడా ఎందుకో అర్థం కావట్లేదు. తక్కువకు ఒప్పుకుంటే దారిలో ఏమైనా చేస్తారేమోనని భయం. రెండు బీరువాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కూలర్, డబుల్ కాట్, ఇనుప దివాన్, అత్తమ్మ పాత టేకు మంచం, డ్రెస్సింగ్ టేబుల్, బైక్, వంట సామాను ఉన్నాయి. అత్తమ్మ రోలు కూడా తేవాల్సిందేనంటున్నారు. ఆ రాయిని అంత దూరం మోసుకెళ్లడమేంటని మా ఆయన కోపం. దసరా సెలవుల్లో వెళ్లిపోదామా, వేసవి దాకా ఆగుదామా? చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు వద్దు, నల్లగొండ)

సమాధానం:

చెల్లెమ్మా, నువ్వు బండి గురించే అడిగావు కానీ, నీ ఉత్తరంలో దానికన్నా ముందు తేలాల్సింది సామాను సంగతి. ఏం తీసుకెళ్లాలో తేలకుండా బండి మాట్లాడితే ఖాళీ జాగాకైనా డబ్బు కడతాం, లేదా చివరి నిమిషంలో పట్టని సామాను కోసం ఇంకో బండిని బతిమాలుకుంటాం. నల్లగొండలోనే ఒక వీధి నుంచి ఇంకో వీధికైతే రెండో ట్రిప్పు వేస్తే సరిపోతుంది. ఇది రెండు వందల యాభై కిలోమీటర్ల దరిదాపు దూరం, పైగా రాష్ట్రం దాటాలి. రెండో ట్రిప్పు అనే మాటే లేదు.

ముందు నువ్వు వెళ్లే ఊరు ఎలాంటిదో చెప్తాను. అవనిగడ్డ దివిసీమలో ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది, ఆ పాయల మధ్య నేలే దివిసీమ. దిగువన సముద్రం. మూడు వైపులా నీళ్లే కాబట్టి గాలిలో తడి ఎక్కువ, ఉప్పు కూడా ఉంటుంది. మన నల్లగొండ ఎండకు, అక్కడి ఉక్కపోతకు పోలికే లేదు. ఏం తీసుకెళ్లాలన్నది ఈ తేడాను బట్టి ఆలోచించు.

కూలర్ తీసుకెళ్లకు. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లగాలి ఇస్తుంది. గాలి పొడిగా ఉంటేనే నీళ్లు బాగా ఆవిరవుతాయి. అందుకే మే నెలలో నల్లగొండలో కూలర్ అంత బాగా పని చేస్తుంది. తీరప్రాంతంలో గాలి అప్పటికే తడితో నిండి ఉంటుంది కాబట్టి కూలర్ పెడితే గది ఇంకా జిగటగా మారుతుంది. ఫ్రిజ్ కంటే ఎక్కువ జాగా తినే ఆ డబ్బాను ఇక్కడే అమ్మేయ్. అమ్మాలంటే వేసవి మొదట్లోనే మంచి ధర వస్తుంది. ఆ డబ్బుతో అక్కడ ఒక మంచి సీలింగ్ ఫ్యాన్ కొనుక్కోవచ్చు.

ఇనుప దివాన్ కూడా వదిలెయ్. ఉప్పుగాలికి పెయింట్ ఊడిన ప్రతిచోటా తుప్పు పడుతుంది. బీరువాల సంగతి వేరు, అవి లేకుండా ఇల్లు నడవదు. అయితే రెండూ అవసరమా అని ఒకసారి ఆలోచించు. తీసుకెళ్లేదాన్ని ఎక్కించే ముందు గీతలు పడ్డచోట, అడుగు భాగంలో రెడాక్సైడ్, దాని మీద పెయింట్ వేయించు. అక్కడ చెక్క దిమ్మల మీద నిలబెట్టి, గోడకు నాలుగు వేళ్ల దూరం వదులు. పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో ఉంచకు, పాత నూలు గుడ్డలో చుట్టిపెట్టు. డ్రెస్సింగ్ టేబుల్ చెక్కపొట్టు అట్టతో చేసిందైతే అక్కడి తడికి అంచులు ఉబ్బుతాయి. అసలైన చెక్కదైతే మాత్రం వదలకు.

అత్తమ్మ టేకు మంచాన్ని మాత్రం తప్పకుండా తీసుకెళ్లు. పాత టేకు తడికి, చెదలకు తొందరగా లొంగదు. నీ దగ్గరున్న మొత్తం ఫర్నిచర్‌లో ఆ ఊరికి అన్నింటికంటే బాగా సరిపోయేది అదే. కొత్త దివాన్ తీసుకుని పాత మంచం వదిలేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

ఇక రోలు. మీ ఆయనకు ఇది చదివి వినిపించు. ఇంటి సామాను ఎక్కించే డీసీఎంలో జాగానే లెక్క, బరువు లెక్కలోకే రాదు. ఆ బండి టన్నుల కొద్దీ మోస్తుంది. మన పరుపులు, కుర్చీలు, అట్టపెట్టెలతో తొట్టి నిండిపోయేసరికి బరువు దాని సామర్థ్యంలో సగానికి కూడా రాదు. రోలు పట్టే జాగా ఒక బియ్యం బస్తా అంత. దానివల్ల కిరాయి ఒక్క రూపాయి కూడా పెరగదు. హమాలీలకు ముందే చెప్పి, క్యాబిన్ గోడకు ఆనించి, కింద గోనెసంచి వేసి పెట్టిస్తే కదలదు. అత్తమ్మ ఇన్నేళ్లు ఉన్న ఊరు, చుట్టాలు, పక్కింటి వాళ్లను వదిలి, యాస కూడా వేరుగా ఉండే చోటికి వస్తోంది. ఆమె అడిగింది ఒక్క రోలు. దాని కోసం ఇంట్లో గొడవ వద్దు.

నీళ్ల ఫిల్టర్ ఉందో లేదో నువ్వు రాయలేదు. ఆర్వో మెషీన్ ఉంటే జాగ్రత్తగా విప్పించి తీసుకెళ్లు. ఫ్లోరైడ్ వల్ల మన జిల్లా వాళ్లకు నీళ్ల విలువ బాగా తెలుసు. అక్కడ బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటుంది కాబట్టి ఆర్వో అక్కడా పనికొస్తుంది. బియ్యం రెండు మూడు బస్తాలకు మించి పెట్టకు. దివిసీమ వరి పండే నేల, బియ్యానికి కొరత లేదు. పైగా రేషన్ బియ్యం అక్రమ రవాణా మీద రెండు రాష్ట్రాల్లోనూ తనిఖీలున్నాయి. బస్తాలు వరుసగా కనిపిస్తే బండి ఆపుతారు, అనవసరంగా గంట పోతుంది.

ఇప్పుడు బండి. కూలర్, దివాన్, వీలైతే ఒక బీరువా తీసేశాక కూడా బైక్, రెండు మంచాలు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఉన్నాయి. టాటా ఏస్ తొట్టి దాదాపు ఏడు అడుగులే, అందులో సరిపోవు. బొలేరో ట్రాలీలో కుక్కి కుక్కి పట్టించవచ్చు కానీ పైకి గుట్టలా కట్టాలి, అంత దూరం హైవే మీద అది మంచిది కాదు. 14 అడుగుల డీసీఎం మాట్లాడు. దానికంటే పెద్దది అక్కర్లేదు, ఎవరైనా 17 అడుగులది అంటగడితే వద్దను.

38 వేలకు, 17 వేలకు తేడా ఎందుకని అడిగావు. రెండూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు. డీసీఎం ఓనర్ చెప్పింది బండి కిరాయి. రానుపోను ఐదు వందల కిలోమీటర్లు. లోడు బండి లీటరుకు ఏడెనిమిది కిలోమీటర్లు ఇచ్చినా డీజిలే అరవై డెబ్బై లీటర్లు అవుతుంది. డ్రైవర్ బత్తా, బండి ఈఎంఐ, టైర్ల అరుగుదల కలిపితే 17 వేలు అన్యాయమైన ధర కాదు, మోసం చేయడానికి తక్కువ చెప్పినట్టూ లేదు. అయితే అందులో టోల్ ఉందా? ఎక్కించే హమాలీలు, దించే హమాలీలు ఉన్నారా? అట్టపెట్టెలు, తాళ్లు, బబుల్ షీట్ ఎవరివి? ఇవన్నీ కలిపి చూడు. నకిరేకల్ దగ్గర హైవే ఎక్కాక విజయవాడ లోపు కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర టోల్ గేట్లు తగులుతాయి. వచ్చేటప్పుడు మళ్లీ అవే. ఎవరు కడతారో ముందే తేలకపోతే ఇంటి ముందు గొడవ అక్కడే మొదలవుతుంది.

ఏజెన్సీ 38 వేలలో ప్యాకింగ్, మనుషులు, జీఎస్టీ కలిసి ఉండొచ్చు. దానితోపాటు హైదరాబాద్ నుంచి నల్లగొండకు ఖాళీగా వచ్చే వంద కిలోమీటర్ల ఖర్చు కూడా నీ మీదే పడుతుంది. ఇంకో సంగతి అడుగు: మన సామాను ఎక్కిన బండే నేరుగా అవనిగడ్డ ఇంటికి వస్తుందా, లేక విజయవాడలో గోడౌన్‌లో దించి ఇంకో బండిలో వేస్తారా? ఇంకొకరి సామానుతో కలిపి పంపే పద్ధతి ఉంది. తక్కువ సామాను ఉన్నవాళ్లకు అది చవక. నీలాంటి పూర్తి ఇంటికి అది వద్దు. సామాను ఎన్నిసార్లు దించి ఎక్కిస్తే అన్నిసార్లు దెబ్బ.

నా మాటగా చెప్పాలంటే డీసీఎంకే వెళ్లు. కానీ నోటిమాట మీద వద్దు. ఆ ఓనర్ నల్లగొండ వాడు, పదిమందికి తెలిసినవాడు, రేపు కూడా ఇదే ఊళ్లో బండి నడుపుకోవాలి. ఫోన్‌లో మాత్రమే దొరికే ఏజెన్సీ కంటే ఇది పెద్ద భరోసా. ఇంటర్నెట్‌లో పేరున్న కంపెనీల పేర్లను కొంచెం మార్చి పెట్టుకునే వాళ్లున్నారు. సామాను ఎక్కించుకున్నాక దారిలో ఫోన్ చేసి ఇంకో పది వేలు వేస్తేనే కదులుతామంటారు. అప్పటికి నీ ఇల్లంతా వాళ్ల బండిలో ఉంటుంది. సగం డబ్బు ముందే అడిగే చోట నాకు అందుకే భయం. ఏజెన్సీయే కావాలనుకుంటే వాళ్ల జీఎస్టీ నంబర్ తీసుకుని జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడు. పేరు, అడ్రస్ కలుస్తున్నాయా, రిజిస్ట్రేషన్ నడుస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది.

డీసీఎం ఓనర్‌ను మొట్టమొదట అడగాల్సింది పర్మిట్ గురించి. మూడు వేల కిలోల లోపు మొత్తం బరువుండే చిన్న బండ్లకు మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. డీసీఎం అంతకంటే పెద్దది కాబట్టి దానికి కావాలి. జిల్లాలో ధాన్యం, ఇటుకలు తోలే బండ్లలో కొన్నింటికి తెలంగాణ వరకే పర్మిట్ ఉంటుంది. రాష్ట్రం దాటాలంటే నేషనల్ పర్మిట్ గానీ, ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లే పర్మిట్ గానీ ఉండాలి. లేకపోతే ఫైన్ పడుతుంది, బండి ఆగుతుంది, ఆ ఫైన్ నీ నెత్తిన వేయాలని చూస్తారు. బండి నంబర్ తీసుకుని ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో తెలిసిపోతుంది. నంబర్ ప్లేటు పసుపు రంగుదే ఉండాలి. తెల్ల ప్లేటు బండిని కిరాయికి వాడకూడదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు.

తర్వాత ఒక తెల్ల కాగితం మీద రాయించుకో. స్టాంప్ పేపర్ ఏమీ అక్కర్లేదు. బండి నంబర్, ఓనర్ పేరు, డ్రైవర్ పేరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోజు, మొత్తం ఎంత, అందులో టోల్, డీజిల్, బత్తా కలిసి ఉన్నాయని, అడ్వాన్స్ ఎంత ఇచ్చావని రాసి సంతకం చేయించు. అడ్వాన్స్ రెండు మూడు వేలకు మించొద్దు. డీజిల్ కోసం కావాలంటే బయలుదేరేటప్పుడు ఇంకొంత ఇవ్వొచ్చు. కనీసం సగం మాత్రం అక్కడ సామాను దించాకే ఇవ్వాలి. డబ్బంతా ఫోన్‌పే, గూగుల్‌పేలో వేస్తే లెక్క నీ దగ్గరే ఉంటుంది. ఆర్సీ, డ్రైవర్ లైసెన్స్ ఫొటో తీసుకుని మీ ఆయనకు, మీ అన్నదమ్ములకు పంపు. దీనికి మంచి ఓనర్ ఎవరూ బాధపడరు, బాధపడితే ఇంకో బండి చూసుకో.

ఒక మాట అడిగి చూడు, కలిసొస్తే రెండు మూడు వేలు తగ్గుతాయి. విజయవాడ వైపు నుంచి మన దగ్గరికి సరుకు తెచ్చి ఖాళీగా వెళ్లే బండ్లుంటాయి. వాటికి అది రిటర్న్ లోడ్. నల్లగొండలో, మిర్యాలగూడలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో అడిగితే తెలుస్తుంది. కాకపోతే వాళ్లు చెప్పిన రోజుకు, చెప్పిన వేళకు నువ్వు సిద్ధంగా ఉండాలి. అత్తమ్మతో, పాపతో ఒక్కదానివే సర్దుకోవాలి కాబట్టి నిన్ను అటువైపు పొమ్మని గట్టిగా చెప్పలేను.

సగంమంది ఇబ్బంది పడేది దించే దగ్గర. ఇక్కడ హమాలీలు మనకు తెలుసు, బేరం చేస్తాం. అక్కడికి చేరేసరికి చీకటి పడుతుంది, డ్రైవర్ తొందరపడుతుంటాడు, ఆ ఊరి హమాలీలు ఎంత చెబితే అంత ఇవ్వాల్సి వస్తుంది. మీ ఆయన అక్కడే ఉన్నారు కదా, ఈ పని ఆయనది. ఇంటి ఓనర్‌ను తీసుకెళ్లి హమాలీలతో ముందే మాట్లాడి ఫలానా రోజు, ఇంతమంది, ఇంత అని ఖాయం చేయాలి. ఇల్లు ఎన్నో అంతస్తు, మెట్లు ఎంత వెడల్పు, బీరువా మలుపు తిరుగుతుందా అన్నది టేపు పెట్టి కొలవమను. వీధిలో డీసీఎం తిరుగుతుందా, కరెంటు వైర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా చూడాలి. బండి మెయిన్ రోడ్డు మీదే ఆగాల్సి వస్తే అక్కడి నుంచి ఇంటికి చిన్న ట్రాలీ కావాలి, దాని ఖర్చు వేరే. ఇది ముందు తెలిస్తే మామూలు ఖర్చు, అప్పటికప్పుడు తెలిస్తే రాత్రంతా రోడ్డు మీదే.

దసరానా, వేసవా అంటే నేను వేసవే అంటాను. ఏప్రిల్ ఆఖరులో, పాప పరీక్షలయ్యాక. దసరా వచ్చే కాలం కృష్ణా తీరానికి వానల కాలం, ఆ వెంటే తుపాన్లు మొదలవుతాయి. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనకు దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ తేదీ మరిచిపోలేదు. ఇప్పుడు ముందస్తు హెచ్చరికలు, తుపాను షెల్టర్లు ఉన్నాయి, భయపడి ఊరే మానుకోవాల్సిన పని లేదు. కానీ ఆ నెలల్లో తాడిపత్రి (టార్పాలిన్) కప్పుకుని ఇల్లంతా రోడ్డు మీద పెట్టడం వేరు సంగతి. దారి కూడా నమ్మకం కాదు. 2024 సెప్టెంబర్ మొదట్లో వచ్చిన వరదకు నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్లొచ్చి హైదరాబాద్, విజయవాడ మధ్య రాకపోకలే ఆగిపోయాయి. సంక్రాంతికి అసలు వద్దు. హైదరాబాద్ నుంచి ఆంధ్రకు వెళ్లే కార్లతో టోల్ గేట్ల దగ్గర గంటలు గంటలు నిలబడాలి. మీ ఆయనకు హోటల్ తిండి పడట్లేదేమో, ఈ ఆరేడు నెలలు నెలకోసారి నువ్వు వెళ్లి రా. నల్లగొండ నుంచి విజయవాడకు బస్సు, అక్కడి నుంచి అవనిగడ్డకు బస్సు. ఆ రాకపోకల్లోనే ఇల్లు, వీధి, స్కూలు నీ కళ్లతో చూసుకోవచ్చు.

స్కూలు అన్నాను కాబట్టి నువ్వు అడగకపోయినా ఒకటి చెప్పాలి. పాప వచ్చే ఏడు తొమ్మిదిలోకి వస్తుంది. తెలంగాణలో డాక్టర్ చదువు సీట్లకు స్థానికత లెక్కలో తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా నాలుగేళ్లు ఇక్కడ చదివారా అన్నది చూస్తారు. బదిలీల మీద వెళ్లే కొందరు ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులున్నాయి, అవి మీ ఆయన ఉద్యోగానికి వర్తిస్తాయో లేదో పాపను అక్కడ చేర్పించే ముందే కనుక్కోండి. పాపకు ఆ చదువు మీద ఆశ ఉంటే ఇది బండి కిరాయి కంటే చాలా పెద్ద సంగతి. ఆమెను కూడా కూర్చోబెట్టి అడగండి.

ఎక్కించే రోజు తెల్లవారుజామునే మొదలుపెట్టండి. ఏప్రిల్ ఎండలో పదకొండు దాటాక హమాలీలు కూడా నిలబడలేరు. రోలు, బీరువా, వాషింగ్ మెషీన్ క్యాబిన్ వైపు. ఫ్రిజ్ ముందు రోజు రాత్రే ఆపి, నీళ్లు కారనిచ్చి, తలుపు తాడుతో కట్టి నిలువుగానే పెట్టించు. తప్పనిసరై పడుకోబెడితే, అక్కడ నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. వాషింగ్ మెషీన్ ముందు తలుపుదైతే, కొన్నప్పుడు డ్రమ్మును బిగించడానికి ఇచ్చిన బోల్టులు వెతికి మళ్లీ బిగించు. అద్దానికి, టీవీకి మధ్యలో పరుపులు పెట్టించు. బైక్‌లో పెట్రోల్ తీసెయ్, స్టాండు మీద వదలకుండా రెండు వైపులా కట్టించు. పచ్చడి జాడీలు సగం కంటే ఎక్కువ నిండినవి బండిలో వద్దు, నువ్వు వెళ్లే బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకో. పాప సర్టిఫికెట్లు, బంగారం, పాస్‌బుక్కులు కూడా నీ చేతి సంచిలోనే ఉండాలి. తాడిపత్రిని చిరుగులేమైనా ఉన్నాయా అని విప్పించి చూడు. ఏప్రిల్‌లో కూడా గాలివాన వస్తుంది.

ప్రతి పెట్టె మీద నంబర్ వేసి, ఏ నంబర్‌లో ఏముందో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. దాని ఫొటో కాపీ డ్రైవర్‌కు ఇవ్వు. రాష్ట్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఎవరైనా ఆపి అడిగితే ఆ జాబితా చూపించవచ్చు. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు తరలించేందుకు జీఎస్టీ కింద తీసే పత్రం) అక్కర్లేదు, అది లేదని ఎవరైనా డబ్బు అడిగితే ఈ మాట చెప్పమను. కొత్తగా కొని ఇంకా పెట్టె విప్పనివి ఉంటే వాటి బిల్లు దగ్గర పెట్టుకోండి. బదిలీ ఆర్డర్ కాపీ కూడా ఒకటి ఇవ్వు. మద్యం సీసాలు ఎవరైనా చుట్టాలు పెట్టమన్నా సామానులో పెట్టొద్దు.

మీ తమ్ముడో, మరిదో ఒకరు క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన కూర్చుని వెళ్తే మంచిది. సామాను యజమానికి గానీ, ఆయన పంపిన మనిషికి గానీ బండి ఇన్సూరెన్స్ వర్తిస్తుంది. కానీ డబ్బు మిగులుతుందని వెనక తొట్టిలో సామాను మీద మనుషులను ఎక్కించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అత్తమ్మ, పాప, నువ్వు బస్సులోనే వెళ్లండి. మన జిల్లా రోడ్ల మీద ట్రాలీల్లో జనం ఎక్కి వెళ్లడం చూసి చూసి అలవాటైపోయింది. అలా వెళ్లేవాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె దడ.

ఏదైనా పగిలితే అక్కడికక్కడే, డ్రైవర్ ముందే ఫొటో తీసి, మిగిలిన డబ్బు ఇచ్చే ముందే మాట్లాడుకోండి. ఏజెన్సీతో వెళ్తే మాత్రం వాళ్లిచ్చే రసీదు మీద సామాను విలువ రాయించుకో. విలువ రాయకపోతే నష్టానికి వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల వరకే పరిమితమవుతుంది. ఓనర్స్ రిస్క్ (నష్టమొస్తే సామాను ఓనర్‌దే బాధ్యత) అని ముద్ర వేసిన కాగితం మీద చదవకుండా సంతకం చేయకు. నష్టం జరిగితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. వాళ్లు పలకకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. ఏజెన్సీ ఎక్కడున్నా సరే, నువ్వు ఉండే జిల్లాలోనే కేసు వేసుకునే వీలుంది. 5 లక్షల లోపు కేసులకు ఫీజు కూడా ఉండదు.

గ్యాస్ సిలిండర్ బండిలో పెట్టొద్దు. గ్యాస్ ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ ఇచ్చేస్తే డిపాజిట్ తిరిగిచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ ఇస్తారు. అది చూపిస్తే అవనిగడ్డలో కొత్త కనెక్షన్ దొరుకుతుంది. స్టవ్ మనదే కాబట్టి తీసుకెళ్లు. బయలుదేరే వారం ముందు ఇచ్చేస్తే చివరి రోజుల్లో వంటకు ఇబ్బంది, అందుకే ముందు రోజే ఇవ్వు. ఆ రోజుకు పక్కింటి వాళ్లు అన్నం పెడతారులే. బైక్ ఏడాదికి మించి అక్కడే ఉండిపోతే ఇక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తీసుకుని అక్కడి నంబర్‌కు మార్చుకోవాలి, అది తర్వాత నింపాదిగా చూసుకోవచ్చు.

ఏప్రిల్ దాకా టైముంది కాబట్టి ఈ వారం ఒక్క పని చేయించు. మీ ఆయనతో ఆ ఇంటి మెట్లు, తలుపులు, వీధి మలుపు కొలతలు తెప్పించుకో. అవి చేతిలో పెట్టుకుని డీసీఎం ఓనర్‌ను ఇంటికి పిలిచి సామాను మొత్తం చూపించి, రోలు తో సహా, అప్పుడు 17 వేలు ఎంతకు నిలుస్తుందో మాట్లాడు.